టైముల పక్కన చుక్కలు

మే 12

నరసరావుపేట ఆసుపత్రిలో మేరీ సిస్టర్ పుస్తకం పెట్టమంది. కడుపు గట్టిపడిన టైము, వదిలిన టైము రాయాలట. అంతకుమించి ఒక్క ముక్క కూడా అక్కర్లేదట. అంత పొదుపుగా రాయడం నా వల్ల కాదు. ఆమెకు చూపించాల్సింది విడిగా చీటీ మీద రాసిస్తాను. ఇది మాత్రం నా పుస్తకం. దీన్ని ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను, అమ్మయినా సరే.

పుస్తకమంటే పుస్తకం కాదు. పిడుగురాళ్లలో లారీల కాటా దగ్గర పనిచేసేటప్పుడు తెచ్చుకున్న ఖాళీ రిజిస్టరు. సున్నపురాయి లారీ లోపలికొచ్చిన టైము, బయటికి పోయిన టైము, బరువు. ఇన్, అవుట్ గడులు అచ్చేసే ఉన్నాయి. నాలుగేళ్ళు ఆ గడులే నింపాను. ఇప్పుడు లారీలకు బదులు నా పొట్ట.

ఈరోజుకి ముప్పై ఒక్క వారాలు. పోయినసారి ఈ వారంలోనే.

అది రాయను.

ఇన్ 4:20, అవుట్ 4:21. ఒక్కటే వచ్చింది. నీళ్ళు తాగి పక్కకి తిరిగితే పోయింది.

మే 13

మా ఆయన మహేష్ ఫోన్ చేశాడు. సున్నం లోడుతో విశాఖ పోతున్నాడు, తునిలో టీ తాగుతున్నాడట. అటూ ఇటూ తిప్పి, "అమ్మ ఒకసారి వచ్చి నిన్ను చూసిపోతానంటందే" అన్నాడు.

"వద్దు."

"ఏడాది దాటింది గదా ధరణీ."

"మీకు దాటిందేమో. నాకు దాటలా."

ఫోన్ పెట్టేశాను. అత్త ఈ పుట్టింటి గుమ్మం తొక్కితే నేను లేచి వెళ్ళిపోతానని అమ్మకి కూడా చెప్పాను. అన్నమాట మీద నిలబడేదాన్నని అమ్మకి తెలుసు.

పోయిన ఏడాది మార్చి ముప్పై ఒకటిన నాకు నొప్పులొస్తుంటే అత్త జీలకర్ర కషాయం కాచి ఇచ్చింది. కషాయానికి తగ్గితే దొంగ నొప్పులు, తగ్గకపోతే నిజం నొప్పులు, మా వైపు పెద్దవాళ్ళ పరీక్ష ఇదే. తగ్గాయి. దొంగ నొప్పులంది. మధ్యాహ్నానికి బాబు పుట్టాడు, నలభై నిమిషాలున్నాడు. ఇది బంధువులందరికీ తెలిసిన సంగతి. అందరికీ నేనే చెప్పాను. అత్త ఇంతవరకూ కాదనలేదు. కాదనడానికి ఏముంది గనక?

మే 14

మొదటి పరుగు.

పొద్దున పదకొండింటికి మొదలైంది. గంటలో ఏడుసార్లు పొట్ట బిగిసింది. ముట్టుకుంటే పచ్చి పుచ్చకాయలా ఉంది. నేను పెట్టిన కేకకి పక్కింటి గేదె బెదిరి తాడు తెంపుకుంది. మా వీధి మౌలాలీ బాబాయి అన్నం ముందు నుంచి లేచొచ్చి ఆటో తీశాడు. శావల్యాపురం దాటి నరసరావుపేట చేరేదాకా దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను, కోటప్పకొండ స్వామిని రెండుసార్లు.

మేరీ సిస్టర్ నన్ను ఎడమవైపు పడుకోబెట్టి, లీటరు నీళ్ళు తాగించి, పొట్ట మీద చెయ్యేసి అరగంట కూర్చుంది. ఆ అరగంటలో ఒక్కటి కూడా రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"సిగ్గెందుకే తల్లా. ఇది ముందువైపే బిగుసుకుంటంది, పక్కకి తిరిగితే పోతంది. ఎండలకి నీళ్ళు చాలక కూడా వస్తయ్. నిజం నొప్పి అట్టా కాదు. నడుము కాడ పుట్టి చుట్టుకొని ముందుకొచ్చిద్ది. రాను రాను దగ్గరైద్ది, పెరిగిద్ది. లేచినా కూర్చున్నా పోదు. నువ్వు తిట్టినా పోదు."

ఉష డాక్టరుగారు లోపల పరీక్ష చేసి, గర్భసంచి మూతి కొంచెం పొట్టిగా ఉందన్నారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇవాళ ఒక ఇంజెక్షను, రేపు ఒకటి. మంచం దిగొద్దన్నారు. "ముప్పై అయిదు వారాలు దాటిద్దాం ధరణీ. దాటితే నాకు ధైర్యం. ముందే వస్తే మాత్రం నువ్వు ఇక్కడ ఉండాలి, దోవలో కాదు" అన్నారు.

అంటే ఇంకా ఇరవై ఆరు రోజులు.

నడుము దగ్గర పుడుతుంది, దగ్గరవుతుంది, పెరుగుతుంది, పోదు. బడిపిల్లలా మూడుసార్లు చదివాను. ఈసారి నన్నెవరూ మోసం చెయ్యలేరు.

మే 15

రెండో ఇంజెక్షను. తొడ రాయిలా అయింది. బిడ్డ తంతూనే ఉంది. తన్నవే, తన్ను.

మే 18

మంచం. ఫ్యాను. గోడమీద బల్లి. బయట నలభై అయిదు డిగ్రీలట. ఇన్ గడిలో మూడు.

మే 21

రెండో పరుగు. గంటలో ఎనిమిది. ఆసుపత్రి మెట్లెక్కేసరికి సున్నా. మౌలాలీ బాబాయి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పాటలు పెట్టలేదు.

మే 24

అమ్మ రోజులు లెక్కపెడుతోంది. ఏడో నెల బిడ్డయినా బతుకుతుందిగానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదని ఎవరో చెప్పారట. నా ఎదురుగానే చెప్పింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

"తొమ్మిదో నెల పడితే సాలు తల్లా" అని నా కాళ్ళు నొక్కింది. ఏడుపొచ్చి గోడవైపు తిరిగాను.

మే 27

మూడో పరుగు. పెన్ను కాగితంలోకి దిగబడుతోంది. కోపంతో.

మధ్యాహ్నం రెండింటికి వరసగా వచ్చాయి. అయిదు నిమిషాలకి ఒకటి, నాలుగు నిమిషాలకి ఒకటి. మేరీ సిస్టర్ చెప్పినట్టే నీళ్ళు తాగాను, పక్కకి తిరిగాను, గంట ఆగాను. పోలేదు. అయిపోయిందనుకున్నాను. ఆటోలో అమ్మ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే ఆమె గాజు చిట్లి నాకే గుచ్చుకుంది.

ఆసుపత్రిలో నొప్పులు గీసే మిషను బెల్టు పొట్టకు కట్టారు. కాగితం మీద చిన్న చిన్న గుట్టలు పడ్డాయి. ఉష డాక్టరుగారు లోపల చూసి, "ఏం కదల్లేదు, మొన్న ఎట్లా ఉందో అట్లాగే ఉంది, ఇంటికెళ్ళు" అన్నారు. మందలించలేదు. మందలించినా బాగుండేది.

బయట బెంచీ మీద ఒకామె పక్కామెతో అంటోంది: "మళ్ళీ వచ్చిందే ఈ పిల్ల. మనం నలుగుర్ని కన్నాం, ఒక్కసారన్నా ఇట్టా ఊళ్ళు తిరిగామా?" ఇద్దరూ నవ్వారు. నేను విననట్టు చెప్పులు వెతుక్కున్నాను. నవ్వేవాళ్ళ ముందు చెప్పులు కూడా తొందరగా దొరకవు.

ఇంటికి రాగానే అమ్మ గ్లాసు పట్టుకొచ్చింది. వాసన గడప అవతలే తెలిసింది.

"కాసింత జీలకర్ర కాచా. తాగు. దొంగ నొప్పులైతే సర్దుకుంటయ్, నిజం నొప్పులైతే ముదురుతయ్. మనకీ ఓ తీరు తెలిసిద్ది. ఊరికూరికే ఆటో ఎక్కితే నేను మౌలాలీ మొహం సూడలేకపోతన్నా."

గ్లాసు తీసుకుని గోడకేసి కొట్టాను. అమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. గోడమీద మరక పోలేదు. పడుకుంటే సరిగ్గా కళ్ళ ముందే ఉంది.

మే 30

మహేష్ వచ్చి రెండు రోజులుండి పోయాడు. నా పొట్ట మీద చెయ్యి పెట్టాడు. అప్పుడే బిగిసింది. కరెంటు షాకు కొట్టినట్టు చెయ్యి లాక్కున్నాడు. పదహారు చక్రాల బండి తోలే మనిషి! నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.

"అమ్మని పిలుద్దామే. అమ్మకి తెలిసిద్ది. చెయ్యేస్తే చెప్పిద్ది."

"పోయినసారి చెప్పిందిగా."

లేచి ఫ్యాను పెంచి మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆ రోజు సంగతి అమ్మ ఒక్కముక్క మాట్లాడదు. నేను ఎన్నిసార్లడిగానో. తిట్టినా మాట్లాడదు. ఎందుకంటావ్?"

"తప్పు చేసినోళ్ళు ఏం మాట్లాడతారు."

అనేశాను. అన్నాక నోరంతా చేదు. ఐరన్ మాత్ర వల్ల.

జూన్ 2

ముప్పై నాలుగు వారాలు. ఇంకొక్క వారం.

పడుకుని పడుకుని పాత సంగతులే నమిలాను. ఆ రోజు పొద్దున అత్త పొయ్యి దగ్గరుంది. నేను గుమ్మం పట్టుకుని ఉన్నాను. కషాయం నేను అడిగానో, అత్తే ఇచ్చిందో.

అత్తే ఇచ్చింది.

జూన్ 5

కాటాలో నా బదులు చేరిన అక్రం వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. పోయిన ఏడాది మార్చి 31 పేజీ. ఎవరో పాత తూకం అడుగుతున్నారట. "అక్కా, ఇది నీ రాతే గదా? టైముల పక్కన ఈ చుక్కలేంది?"

ఫోను బోర్లా పెట్టాను. మళ్ళీ తిప్పాను. మళ్ళీ బోర్లా పెట్టాను. చివరికి "ఏం లేదు తమ్ముడూ, పెన్ను కక్కింది" అని జవాబు పెట్టాను.

పెన్ను కక్కితే అంత వరసగా పడవు. లెక్కపెట్టాను. ఇరవై ఆరు చుక్కలు.

ఇక్కడ రాస్తాను. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను?

ఆ రోజు పొద్దున ఏడింటికి నడుము పట్టేసింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అత్త చూసింది. పొయ్యి కట్టేసి, "ఆటో పిలుస్తా, ఆస్పత్రికి పోదాం పా" అంది. అత్త అన్నది అదే. నేను, "మొన్న పోయి నవ్వించుకుంది సాల్లేదా? ఇయ్యాల నెలాఖరు, లారీలు బారు కట్టి ఉంటయ్. కాసింత జీలకర్ర కాచియ్యి, తగ్గకపోతే అప్పుడు సూద్దాం" అన్నాను. "వద్దే, నాకెందుకో నీ మొహం బాలా" అంది అత్త. "నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాను. ఆ మాటకి అత్త కాచింది. తాగాను. నొప్పి అరగంట ఊరుకుంది. దొంగ నొప్పులే అన్నది కూడా నేనే. గెలిచినట్టు టిఫిన్ డబ్బా పట్టుకుని షేర్ ఆటో ఎక్కాను.

కాటాలో రెండు లారీల మధ్య ఒక నొప్పి వచ్చింది. టైము పక్కన చుక్క పెట్టాను. ఇంకోటి వచ్చింది. ఇంకో చుక్క. మొదట పావుగంటకొకటి. పన్నెండింటికి ఎనిమిది నిమిషాలకి. ఒంటిగంటకి ఆరు. నాలుగేళ్ళు టైములు రాసినదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? తెలిసే కూర్చున్నాను. లేస్తే అది నిజమైపోతుందని కుర్చీలోంచి లేవలేదు.

ఇంటికి చేరేసరికి రెండున్నర. 108 వచ్చేలోపే, మూడు పదికి, బాబు అత్త చేతుల్లోకి వచ్చాడు. అత్త వాణ్ణి తన చీర కుచ్చెళ్ళలో చుట్టి గుండెకి అదిమి పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. మూడు యాభైకి నడుచుకుంటూ తిరిగొచ్చింది.

వచ్చినవాళ్ళు ఎట్టా జరిగిందే అని అడిగారు. "అత్త కషాయమిచ్చి దొంగ నొప్పులంది" అన్నాను. అత్త తలుపు దగ్గరే ఉంది. వింది. ఒక్కమాట అనలేదు. రెండోవాళ్ళకీ అదే చెప్పాను. పదోవాళ్ళకి చెప్పేటప్పటికి అదే నిజమని నాకే అనిపించింది.

అత్తని రావద్దన్నది అందుకు. నా మొహం చూస్తే అత్తకి అన్నీ తెలుస్తాయి.

జూన్ 6

నిన్నటి పేజీ చించేద్దామనుకున్నాను. ఒక చివర చించాను కూడా. మళ్ళీ అతికించాను.

జూన్ 8

నడుము నొప్పి. మంచం వల్ల.

జూన్ 9

ముప్పై అయిదు వారాలు. అమ్మ కొబ్బరికాయ కొట్టి, పరమాన్నం వండింది. "ఇంక భయం లేదమ్మడూ, గట్టెక్కాం" అని నా నోట్లో పెట్టింది. ఒక్క స్పూను దిగింది.

నడుము నొప్పి. నెలరోజులు మంచం మీద ఉంటే ఎవరికైనా వస్తుంది. అమ్మ బామ్ రాసింది. పొట్ట మెత్తగానే ఉంది. ఇన్ గడిలో రాయడానికి ఏమీ లేదు.

అమ్మ పెరట్లోకి పోయి ఎవరితోనో ఫోన్లో గుసగుసలాడుతోంది. మహేష్‌తో అయ్యుంటుంది.

జూన్ 10

6:40. నడుము. అటూ ఇటూ తిరిగాను, పోలేదు. మంచం వల్ల.

6:55. మళ్ళీ.

7:08. నొప్పి నడుము దాటి పక్కలకి పాకుతోంది. పొట్ట బిగిసిందో లేదో తెలియడం లేదు. గడిలో రాయను. గడి పొట్టకే. పక్కన చుక్క పెడుతున్నానంతే.

7:20. చుక్క.

నిజమనుకున్న మూడుసార్లూ అబద్ధమే. నేను ఏది నిజమంటే అది అబద్ధం. అందుకని ఇదీ అబద్ధమే. నాలుగోసారి ఆ మెట్లెక్కి ఆ బెంచీ ముందు నుంచి నడవలేను. చచ్చినా నడవలేను.

7:31. చుక్క.

7:41. చుక్క.

దేవుడా, తప్పు నాదే. శిక్ష దీనికి వెయ్యొద్దు.

8:14. మధ్యలో రెండు రాయలేదు.

8:22. అమ్మని జీలకర్ర కషాయం కాచిమ్మన్నాను.

జూన్ 13

ఆసుపత్రిలో రాస్తున్నాను. కుట్లు లాగుతున్నాయి. జరిగింది జరిగినట్టు వరసగా రాయాలి. లేకపోతే మళ్ళీ ఇంకోలా చెప్పేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

కషాయం గ్లాసు నా చేతిలో ఉంది. ఇంకా తాగలేదు, వేడిగా ఉందని ఊదుతున్నాను. గుమ్మంలో అత్త నిలబడి ఉంది. పిడుగురాళ్లలో తెల్లారి మొదటి బస్సెక్కిందట. ముందురోజు పెరట్లోకి పోయి అమ్మ ఫోన్ చేసింది మహేష్‌కి కాదు, అత్తకి. "వదినా, పిల్ల నా మాట వినటంలా, నువ్వు రా, నిన్ను తిట్టినా పడు" అందట.

అత్త చెప్పులు విడవలేదు, సంచీ దించలేదు. ముందు గ్లాసు చూసింది. తర్వాత తలగడ పక్కన తెరిచి ఉన్న రిజిస్టరు, అందులో చుక్కలు చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"ఎంతసేపటికొకసారి?"

"నడుము నొప్పత్తా. మంచం వల్ల..."

"ఎంతసేపటికే?"

"ఏడు నిమిషాలు."

నా నోరు దానంతటదే చెప్పేసింది. అత్త వచ్చి నా చేతిలో గ్లాసు తీసుకుంది. కిటికీలోంచి కషాయం మొత్తం బయటికి పారబోసింది.

"పోయినసారి పారబొయ్యలా. ఈసారి పారబోశా. లెగు."

"అత్తా, మళ్ళీ దొంగ నొప్పులని పంపిస్తారు. నవ్వుతారు."

"నవ్వితే నవ్వనియ్యే! వాళ్ళ పళ్ళేగా కనపడేది, మనయ్యా? నాలుగోసారి పంపితే అయిదోసారి పోదాం. పురుడు పోసుకునేదాకా పోతానే ఉందాం. మౌలాలీ! ఒరే అబ్బాయ్, ఆటో తియ్యి!"

ఆటోలో అత్త ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. ఎదురు సీట్లో అమ్మ కోటప్పకొండ స్వామికి మొక్కులు మొక్కుతూనే ఉంది. మొక్కినవాటిలో సగం తీర్చడానికే మాకు రెండేళ్ళు పడుతుంది. నేను పుస్తకం పుస్తకం అంటే అత్త తీసి తన మోకాలి మీద పెట్టుకుంది. అత్తకి రాత సరిగ్గా రాదు. పెద్దయ్యాక వయోజన బడిలో నేర్చుకున్న అంకెలు. సెల్‌ఫోనులో టైము చూసి, నాలుక బయటపెట్టి, ఒక్కో అంకె లారీ చక్రమంత రాసింది. పక్కన చుక్క పెట్టలేదు. ఇన్ గడిలోనే రాసింది. 9:31. 9:37. 9:42.

రైల్వే గేటు పడింది.

గూడ్సు. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, తోక కనపడని బండి. ఆటోలో ఎండ మంట. నొప్పి నడుములో పుట్టి తాడు బిగించినట్టు ముందుకొచ్చింది. మేరీ సిస్టర్ చెప్పింది ఒక్క అక్షరం తప్పు లేదు. లేచినా పోలేదు, కూర్చున్నా పోలేదు. తిట్టాను, అప్పుడూ పోలేదు. కింద తడిసింది. అమ్మ కెవ్వుమంది. మౌలాలీ బాబాయి దిగి గేటు దగ్గరికి పరిగెత్తాడు, గేటు మనిషి మాత్రం ఏం చేస్తాడు, బండి బండే.

ఈ బిడ్డ కూడా పోతుందనుకున్నాను. ఇక్కడే, ఈ ఆటోలోనే. పోయేముందు ఒకటి చెప్పాలనుకున్నాను.

"అత్తా, ఆ రోజు నేనే అన్నా. నువ్వు ఆస్పత్రికి పోదామన్నావు. నేనే కషాయం కాచిమ్మన్నా. దొంగ నొప్పులన్నదీ నేనే."

"తెలుసు. నేనూ ఆడే ఉన్నాగా."

"మరి అందరికీ అట్టా చెప్తుంటే ఎందుకూరుకున్నావే?" అత్తని ఏమే అన్నాను. ఆ నొప్పిలో మర్యాద ఎక్కడుంటుంది.

అత్త చెంగుతో నా మొహం తుడిచింది. "అప్పుడు నువ్వు ఎవురి మీదో ఒకరి మీద ఎయ్యకపోతే బావిలో పడేదానివి. నీ కళ్ళల్లో కనపడింది నాకు. పరాయోళ్ళ మీద యాడేస్తావ్? నా మీదేగా, ఎయ్యనీలే అనుకున్నా. పిల్లోడు ఎట్టాగూ పోయె. నువ్వన్నా ఉండాలిగా."

పద్నాలుగు నెలలు. పెళ్ళిళ్ళలో ఆమె వడ్డిస్తే తీసుకోనివాళ్ళున్నారు. సొంత కొడుకు తిట్టాడు. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని గొంతు పోయేలా ఏడ్చాను. అత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఏడుపు తర్వాత. ఇప్పుడు ముక్కమాక, ఊపిరి వదులు. గేటు లేస్తంది."

గేటు లేచింది. తర్వాత అత్త రాసిన అంకెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆఖరున టైము లేదు, వంకర గీత ఉంది. ఆసుపత్రి గేటు ముందు గతుకు అది.

మెట్లెక్కలేదు. స్ట్రెచర్ మీద బెంచీ ముందు నుంచే పోయాను. నవ్వేవాళ్ళున్నారో లేదో నాకు తెలియదు. ఉష డాక్టరుగారు చూసి ఒకే మాటన్నారు: "లోపలికి, వెంటనే." మేరీ సిస్టర్ నా చెవి దగ్గర, "ఇది నిజమేనే తల్లా, ఇది నిజమే" అంటూనే ఉంది. అర్ధగంట ఆలస్యమైతే ఆటోలోనే అయ్యేదట.

ఆడపిల్ల. ముందు ఏడవలేదు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, పదకొండు దాకా లెక్కపెట్టాను. పన్నెండు దగ్గర పిల్లికూన గొంతుతో ఒక్క కూత కూసింది. తర్వాత ఆపలేదు. అద్దాల గదికి తీసుకుపోయారు.

జూన్ 16

ఆరు రోజులు ఊపిరికి మిషను పెట్టారు. ఇవాళ పొద్దున తీసేశారు. తనంతట తానే పీలుస్తోంది. గొట్టంలోంచి పాలు, అయిదు మిల్లీలీటర్లు, అరిగాయి. ఇంకా వారం పది రోజులు ఉండాలట. ఉష డాక్టరుగారు "బాగుంది" అన్నారు. "భయం లేదు" అని మాత్రం ఇంకా అనలేదు. ఆ మాట కోసం ఆవిడ నోటివైపే చూస్తున్నాను.

మహేష్ వచ్చాడు. అతని ముందూ, అమ్మ ముందూ ఆ రోజు సంగతి మొత్తం చెప్పాను. "ఇప్పుడెందుకే ఆ గోల, బాలింతవి" అని అత్త అడ్డుపడింది. "ఇప్పుడే" అన్నాను. మహేష్ విని బయటికి పోయాడు. గంట తర్వాత వచ్చి అత్త కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. నావైపు చూడలేదు. ఎప్పుడు చూస్తాడో తెలియదు. అది నేను పడాల్సిందే. మిగతా బంధువులకి కూడా నేనే చెప్పాలి, ఒక్కొక్కళ్ళకీ. అబద్ధం చెప్పినప్పుడు ఎవరినీ వదల్లేదు కదా.

మధ్యాహ్నం అత్త పక్కన కూర్చుని రిజిస్టరులో కొత్త పేజీ తీశాను. ముందు బాబుది రాశాను. ఇన్నాళ్ళూ ఎక్కడా రాయనిది.

ఇన్ 3:10. అవుట్ 3:50. బరువు కిలో నాలుగొందలు.

దాని కింద వరసలో పాపది.

ఇన్ 11:26. బరువు రెండు కిలోల ఎనభై గ్రాములు.

మధ్యలో అవుట్ గడి ఉంది. ఖాళీగా ఉంది. నాలుగేళ్ళలో ఏ లారీకీ ఆ గడి ఖాళీగా వదల్లేదు నేను. దాని మీద పెన్ను ఆనించి, రాయనూ లేక, తియ్యనూ లేక కూర్చున్నాను.

అత్త వంగి చూసింది. ఆమెకి ఇంగ్లీషు రాదుగానీ, పైవరస చూసి ఆ గడి దేనికో అర్థం చేసుకుంది. నా చేతిలో పెన్ను లాక్కుంది. నాలుక బయటపెట్టి, కాగితం చిరిగేంత గట్టిగా, ఆ గడికి అడ్డంగా గీత కొట్టేసింది.

"పా, పాలిచ్చే టైమైంది" అంది.